తాలీమీ సైర్ నుంచి ట్రిప్ దాకా

మా ఇంట్లో ఒకే పనికి తరానికో పేరుంది. ఉస్తాద్‌లు బడి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి నాలుగు చోట్లు చూపించడాన్ని మా దాదా ‘తాలీమీ సైర్’ అనేవాడు. మా అబ్బా ‘ఎక్స్‌కర్షన్’ అనేవాడు. మా పిల్లలు ‘ట్రిప్’ అంటున్నారు. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూలు నోటీసు బోర్డు మీద ‘తఫ్రీహీ దౌరా’ అని రాసేవాళ్ళు. గోడ అవతలి తెలుగు మీడియం స్కూల్లో అదే ‘విజ్ఞాన విహారయాత్ర’.

సైర్‌కి అరబీ మూలంలో నడవడం అని అర్థం. తఫ్రీహ్‌లో ఫర్హత్ ఉంది, అంటే దిల్‌కి ఖుషీ. విజ్ఞాన విహారయాత్రలో చదువూ ఉంది, షికారూ ఉంది, తీర్థానికి పోయేంత శ్రద్ధా ఉంది. ట్రిప్‌లో పోయి రావడం ఒక్కటే మిగిలింది.

ఈ మాటల వెనక దాదాపు తొంభై ఏళ్ళ తారీఖ్ ఉంది. ఆ తారీఖ్‌లో మన ఇళ్ళ పిల్లలకి ఎంత వాటా దక్కింది, ఎవరు బస్సెక్కారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. నాకు తెలిసినంతలో, బుజుర్గ్‌లని అడిగి విన్నంతలో, ఇక్కడ రాస్తున్నాను. పాత జమానా అంతా సోనా, కొత్త జమానా అంతా మట్టి అనే నోస్టాల్జియా మీద నాకు యఖీన్ లేదు. ప్రతి జమానా ఒక దర్వాజా తెరిచింది, ఒకటి మూసింది. ఏది తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్నదే అసలు సవాల్.

తహతానియా, వస్తానియా, ఫౌఖానియా

నిజాం రియాసత్‌లో చదువు మెట్ల పేర్లు కూడా ఉర్దూలోనే ఉండేవి. తహతానియా అంటే ప్రైమరీ, వస్తానియా అంటే మిడిల్, ఫౌఖానియా అంటే హైస్కూల్. సర్కారీ జబాన్ ఉర్దూ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టాక డిగ్రీ చదువు కూడా అదే జబాన్‌లో దొరికింది.

ఆ రియాసత్ నక్షా ఒకసారి గుర్తు చేసుకోండి. అజంతా, ఎల్లోరా అందులోనే. దౌలతాబాద్ ఖిలా అందులోనే. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ఉన్న బీదర్, ఖ్వాజా బందేనవాజ్ దర్గా ఉన్న గుల్బర్గా అందులోనే. వరంగల్ ఖిలా, రామప్ప గుడి, గోల్కొండ అన్నీ ఒకే హుకూమత్ కింద. బౌద్ధుల గుహలు, కాకతీయుల గుళ్ళు, బహమనీల మదరసా ఒకే ఇంటి సామానులాగా ఉండేవి.

వాటిని చూసుకోవడానికి 1914లో ఆర్కియాలజీ మహకమా పెట్టారు. దానికి నాజిమ్ గులామ్ యజ్దానీ. అజంతా బొమ్మలు రాలిపోతుంటే 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి బాగు చేయించారు. ఆ బొమ్మల మీద యజ్దానీ నాలుగు సంపుటాల కితాబ్ వేశాడు. బౌద్ధుల చిత్రాల కోసం జిందగీలో ఎక్కువ భాగం పెట్టిన మనిషి ఒక ముసల్మాన్ ఆలిమ్ అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

హైదరాబాద్ శహర్‌లో బాగే ఆమ్ ఉండేది. ఇప్పుడు పబ్లిక్ గార్డెన్స్ అంటున్నాం. అక్కడ మ్యూజియం వచ్చింది, ఈజిప్ట్ మమ్మీ వచ్చింది. అప్పటి జూ కూడా ఆ బాగ్‌లోనే. జిల్లాల నుంచి శహర్‌కి వచ్చిన ఎవరైనా శేర్‌ని చూడాలంటే అక్కడికే పోవాలి. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్ ట్రాన్స్‌పోర్ట్ మొదలుపెట్టింది. ఇవాళ మనం ఆర్టీసీ అంటున్నదానికి బునియాద్ అదే.

అన్నీ ఉన్నాయి. చూసింది మాత్రం ఎవరు? చదువుకునే పిల్లలే తక్కువ. వాళ్ళలో సైర్‌కి పోయే బడుల్లో చదివేవాళ్ళు ఇంకా తక్కువ. శహర్‌లో పేరున్న మదరసాల పిల్లలకి, జాగీర్దార్ల ఇళ్ళవాళ్ళకి అది నసీబ్‌లో ఉండేది. మా దాదా నల్లగొండలో వస్తానియా దాకా చదివాడు. తాలీమీ సైర్ అనే మాట ఆయనకి తెలుసు, సైర్ తెలియదు. జిందగీలో ఒక్కసారి, భూమి కచేరీ పని మీద చచాతో శహర్‌కి పోయినప్పుడు బాగే ఆమ్ చూశాడు. అజంతాని క్యాలెండర్ మీద చూశాడు.

ఆడపిల్లల మాట సరేసరి. 1907లో మహబూబియా గర్ల్స్ స్కూల్ తెరిచారు. శరీఫ్ ఖాందాన్‌ల అమ్మాయిలకి బడి అనేదే పెద్ద సఫర్. పర్దా కట్టిన బండిలో బడికి, అదే బండిలో ఇంటికి. ఆ బండి పర్దా సందులోంచి కనిపించిన చార్మినారే వాళ్ళ సైర్.

అదే రోజుల్లో చదువంటే నాలుగు గోడల మధ్య సబక్ వల్లించడమేనా అని అడిగిన మనిషి ఒకడు మన హైదరాబాద్‌లోనే పుట్టాడు. 1897లో ఇక్కడ పుట్టి, తర్వాత జామియా మిల్లియాని నిలబెట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్. 1937లో గాంధీజీ బునియాదీ తాలీమ్ గురించి కమిటీ వేస్తే సదర్ ఆయనే. పిల్లవాడి చదువు చేతిపనితో, చుట్టూ ఉన్న ఖుదరత్‌తో, చుట్టూ ఉన్న సమాజంతో ముడిపడాలని ఆ కమిటీ చెప్పింది. ఉస్తాద్ పిల్లల్ని వెంటేసుకుని కుమ్మరి వాము దగ్గరికి పోవడం కూడా తాలీమే అనే ఖయాల్ అలా బలపడింది. సైర్‌కి బస్సూ ఫీజూ అవసరం లేదని ఆ జమానాలోనే చెప్పినవాళ్ళున్నారు. మనమే వినలేదు.

1956లో మారిన నక్షా

1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు వచ్చాయి. ఔరంగాబాద్ వైపు జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, బీదర్, గుల్బర్గా, రాయచూర్ మైసూర్‌లోకి పోయాయి. తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఈ మార్పుని సియాసీ కోణం నుంచి చాలామంది రాశారు. బడి పిల్లల కోణం నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అజంతా ‘మనది’ కాకుండా పోయింది. బీదర్ మదరసా పక్క రాష్ట్రం పాఠం అయింది. దక్కన్ తారీఖ్ మూడు ముక్కలై మూడు రాష్ట్రాల పుస్తకాల్లోకి వెళ్ళింది. ఏ ముక్కా పూర్తి కథ చెప్పదు.

ఖాళీ అయిన చోట కొత్త మంజిల్‌లు వచ్చాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో ఇంతకాల్ అయ్యాక ఆయన పోగుచేసిన సామాన్‌తో 1951 డిసెంబర్‌లో దీవాన్ దేవ్‌డీలో మ్యూజియం తెరిచారు. పదిహేడేళ్ళ పాటు అది నవాబ్ సొంత హవేలీలోనే నడిచింది. అప్పుడు చూసినవాళ్ళు ఇప్పటికీ ‘నవాబ్ సాబ్ ఇల్లు చూసొచ్చాం’ అనే అంటారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న ఇమారత్‌లోకి మారింది. 1963లో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్క్ తెరిచారు. బాగే ఆమ్ జంతువులు అక్కడికి పోయాయి.

మా జిల్లాకి అన్నిటికంటే పెద్ద మంజిల్ నాగార్జునసాగర్. 1955 డిసెంబర్‌లో నెహ్రూ బునియాద్ రాయి వేశాడు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. ఈ రెండింటి మధ్య పన్నెండేళ్ళు అది బడి పిల్లలకి తెరిచిన కితాబ్. మా అబ్బా తొమ్మిదో జమాత్‌లో ఉండగా వాళ్ళ ఉస్తాద్ ఒక లారీ మాట్లాడి పిల్లల్ని ఎక్కించుకుని పోయాడు. డ్యామ్ ఇంకా కడుతున్నారు. రాతి కట్టడం అది. వేలమంది మజ్దూర్‌లు, ఆడవాళ్ళు, మగవాళ్ళు చీమల బారులా రాళ్ళు మోస్తున్నారు. చిన్న పిల్లల్ని చెట్టుకి కట్టిన ఉయ్యాలలో వదిలి తల్లులు తట్టలెత్తుతున్నారు. అబ్బా ఎప్పుడు సాగర్ మాట ఎత్తినా నీళ్ళ గురించి చెప్పడు, ఆ ఉయ్యాలల గురించి చెప్తాడు.

సాగర్‌లో ఇంకో సబక్ కూడా ఉంది. ఇక్ష్వాకుల రాజధాని, బౌద్ధ విహారాలు ఉన్న లోయ ఆ నీళ్ళలో మునిగింది. మునిగే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు జజీరా, నాగార్జునకొండ మ్యూజియం. లాంచీలో పోయి చూడాలి. కిందికి చూస్తే నీళ్ళు, నీళ్ళ కింద ఒక నగరం. తరక్కీ ఏం ఇస్తుందో, ఏం తీసుకుంటుందో ఒకేచోట చూపించే మంజిల్ తెలుగు నేల మీద ఇంతకంటే ఇంకోటి నాకు తెలియదు.

ఆ జమానా ఎక్స్‌కర్షన్‌కి ఒక తీరు ఉంది. ముల్క్ కొత్తగా కట్టుకుంటున్నదాన్ని పిల్లలకి చూపించడం. డ్యామ్, పాల డెయిరీ, ప్రింటింగ్ ప్రెస్, బిస్కెట్ ఫ్యాక్టరీ, వీలైతే హైదరాబాద్ చుట్టూ వెలిసిన సర్కారీ కార్ఖానాలు. ఉస్తాద్‌లకి అది డ్యూటీలాగా ఉండేది. పిల్లలకి ఇంట్లో దొరకని దునియా అక్కడ కనిపించేది. రిక్షావాలా కొడుకూ, గుమాస్తా కొడుకూ ఒకే లారీలో నిలబడి పోయారు. ఆడపిల్లలు మాత్రం ఆ లారీలో లేరు.

కర్ఫ్యూల మధ్య మా వంతు

నా బచ్‌పన్ 1980ల చివర, 1990ల మొదట. అప్పటికి జిల్లా స్కూళ్ళన్నిటికీ హైదరాబాద్ రివాజ్ అయిపోయింది. సాలార్‌జంగ్, చార్మినార్, జూ, గోల్కొండ. 1985లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం వచ్చాక అదీ కలిసింది. తెల్లవారకముందే బయల్దేరి, రాత్రికి వాపస్.

మా స్కూలు నుంచి శహర్‌కి పోవాలంటే ముందు శహర్ ప్రశాంతంగా ఉండాలి. 1990 డిసెంబర్‌లో పాత శహర్‌లో ఫసాద్, కర్ఫ్యూ. ఆ ఏడు దౌరా రద్దు. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీద్ కూల్చాక మళ్ళీ కర్ఫ్యూలు, మళ్ళీ రద్దు. డిసెంబర్, జనవరి నెలలే స్కూళ్ళు బయటికి పోయే మౌసమ్. మా ఈడువాళ్ళకి సియాసత్ అంటే మొదట తెలిసింది రద్దయిన దౌరా రూపంలోనే. చివరికి 1994 జనవరిలో తొమ్మిదో తరగతిలో ఉండగా బస్సెక్కాం.

బస్సులో బైత్‌బాజీ ఆడేవాళ్ళం. ఒకడు షేర్ చదివితే దాని ఆఖరి హర్ఫ్‌తో ఇంకోడు ఎత్తుకోవాలి. రెండు సీట్ల వరసలు రెండు టీములు. ‘యే’ హర్ఫ్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ స్టాక్ అయిపోయేది. ఎవరి తోషా వాళ్ళ ఇంటి నుంచే. రోటీ ఖాగీనా, కీమా, ఇమ్లీ చట్నీ, పాత అఖ్‌బార్‌లో చుట్టిన పూరీలు. ఒక పార్క్ గడ్డి మీద దస్తర్‌ఖాన్ పరిచి అన్నీ మధ్యలో పెట్టేవాళ్ళు. ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు అన్నది తెలిసేది కాదు. ఈ ఒక్క ఇంతెజామ్‌తో మా ఉస్తాద్‌లు ఎంతమంది పిల్లల ఇజ్జత్ కాపాడారో పెద్దయ్యాకే సమజైంది.

సాలార్‌జంగ్‌లో రెండే రెండు దగ్గర్ల మేం కదలకుండా నిలబడ్డాం. ఒకటి గడియారం. గంట గంటకీ గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడే జనం కిటకిట. రెండోది ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన నిఖాబ్ రెబెకా. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాయితోనే పల్చటి ముసుగు. మా తారీఖ్ ఉస్తాద్ దాని ముందు నిలబడి, ఒక నవాబ్ ముల్క్ దాటి ఏం కొనుక్కొస్తాడన్నదాన్ని బట్టి ఆయన జౌఖ్ తెలుస్తుందని చెప్పాడు.

గోల్కొండ అసలు సబక్. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది. ఇది ప్రతి గైడూ చేసి చూపిస్తాడు. మా ఉస్తాద్ చప్పట్లు కొట్టించి ఊరుకోలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఇబ్రహీం కుతుబ్‌షా తఖ్త్ ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో పనాహ్ తీసుకున్నాడని, తెలుగు షాయర్‌లు ఆయన్ని ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారని. ఆయన అధికారి అమీన్ ఖాన్‌కి పొన్నిగంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’ అంకితం ఇచ్చాడని, సంస్కృతం కలపని అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అదేనని. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ హైదరాబాద్ కట్టించి, దక్కనీలో దీవాన్ రాసుకున్నాడని.

తర్వాత రామదాసు జైలు దగ్గర ఇంకో ముక్క చెప్పాడు. తానీషా దగ్గర వజీర్ మాదన్న, ఆయన భాయ్ అక్కన్న బ్రాహ్మణులు. భద్రాచలం రామదాసు మాదన్నకి భాంజా. 1687లో ఔరంగజేబ్ ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండని తీసుకున్నాడు. తానీషా తరఫున ఆఖరిదాకా పోరాడి ఒళ్ళంతా గాయాలతో పడిపోయినవాడు అబ్దుల్ రజాక్ లారీ. ముసల్మాన్ బాద్‌షా మీదికి ముసల్మాన్ బాద్‌షా వచ్చాడు. ఈ ఒక్క ముక్క ఆ రాళ్ళ మధ్య నిలబడి విన్న పిల్లవాడికి ఇవాళ్టి వాట్సాప్ తారీఖ్ సగం ఎక్కదు.

నేను తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే ఖాందాన్‌లో చాలామంది హైరాన్ అయ్యారు. ఉర్దూ మీడియం పిల్లవాడికి తెలుగు ఎందుకన్నారు. తెలుగూ ఉర్దూ ఒకే ఖిలాలో పెరిగాయని నాకు గోల్కొండ మెట్ల మీదే తెలిసింది.

తిరిగొచ్చాక ఒక సజా ఉండేది, సఫర్‌నామా రాయడం. మజ్మూన్ నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు. ఏం చూశావు, ఎవరు కట్టారు, నీకేం నచ్చింది, ఎందుకు. ఇమ్తిహాన్‌లో కూడా ‘దోస్త్‌కి మీ తఫ్రీహీ దౌరా గురించి ఖత్ రాయండి’ అనే సవాల్ తప్పకుండా వచ్చేది. అసలు పోనివాడు కూడా పోయినట్టు రాసి మార్కులు తెచ్చుకునేవాడు. మా క్లాసులో అలాంటివాళ్ళు చాలామందే.

ఆపాకి దొరకని ఇజాజత్

మా ఆపా నాకంటే మూడేళ్ళు పెద్దది. చదువులో నాకంటే తేజ్. వాళ్ళ గర్ల్స్ స్కూల్ సాగర్ పోయినప్పుడు ఇజాజత్ కాగితం ఇంటికొచ్చింది. ఆ సాగర్‌నే చూసిన మా అబ్బా దాని మీద దస్తఖత్ పెట్టలేదు. ఖాందాన్ పెద్దలు ఒకే మాటన్నారు, ‘జమానా ఖరాబ్ ఉంది’. ఆ ఏడు వాళ్ళ క్లాసులో సగానికి పైగా అమ్మాయిలు ఇంటి దగ్గరే ఉన్నారు.

జమానా ఖరాబ్ అనేది మన ఇళ్ళలో ఎప్పుడూ ఆడపిల్లల ఖాతాలోనే పడుతుంది. కర్ఫ్యూలు ఎత్తేశాక నాకు ఇజాజత్ దొరికింది, ఆపాకి దొరకలేదు. ఆమె మొదటిసారి సాగర్ చూసింది షాదీ తర్వాత, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని. లాంచీ దిగాక మ్యూజియంలో ప్రతి బోర్డూ నిలబడి చదివింది. పిల్లలు ఏడుస్తున్నా కదల్లేదు. ఒక తరం ఆడవాళ్ళ తాలీమీ సైర్ అలా ఇరవై ఏళ్ళు లేటుగా జరిగింది. చాలామందికి అసలు జరగనేలేదు.

ఈ విషయంలో మన పిల్లల జమానా మా జమానాకంటే ఎంతో మేలు. 2016లో తెలంగాణలో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు, తర్వాత అవి 204 అయ్యాయి. వాటిలో సగానికి దగ్గరగా ఆడపిల్లలవి. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒక రోజు బస్సెక్కి బయటికి పోవడం ఇప్పుడు వార్త కాదు. ముప్ఫై ఏళ్ళలో మన ఇళ్ళలో వచ్చిన ఈ మార్పుని తక్కువ చేసి చూడకూడదు. ఇది తల్లులు తెచ్చిన ఇంఖిలాబ్. ఇజాజత్ దొరకని అమ్మాయిలే పెద్దయి, అమ్మీలై, దస్తఖత్ పెట్టారు.

ఫీజు కట్టినవాళ్ళు, కట్టనివాళ్ళు

ఇంకో వైపు ఏం జరిగిందో చూడండి. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో స్నో వరల్డ్, 2016లో వండర్‌లా. ఇంగ్లీష్ మీడియం ప్రైవేట్ స్కూళ్ళు గల్లీగల్లీకీ వచ్చాయి. మన మొహల్లాల్లో పేదవాళ్ళు కూడా పొట్ట మాడ్చుకుని పిల్లల్ని వాటిల్లోనే వేస్తున్నారు. ఆ స్కూళ్ళకి ట్రిప్ అనేది ఇష్తెహార్ కూడా. వాటర్ పార్క్ ఫొటో అడ్మిషన్ బ్రోషర్‌లో బాగుంటుంది, కుతుబ్‌షాహీ గుంబద్ ఫొటో అంత బాగుండదు.

పిల్లలు ఆడుకోవడం తప్పని అననే అనను. తఫ్రీహ్ మా నోటీసు బోర్డు మీద కూడా ఉంది. చిక్కు ఏమిటంటే, వాటర్ పార్క్‌లో ఉస్తాద్‌కి చేసే పని ఏం లేదు. బ్యాగులు కాపలా కాయడం, తలలు లెక్కపెట్టడం. చెప్పేవాడు మధ్యలోంచి తప్పుకున్నాడు. సఫర్‌నామా కూడా తప్పుకుంది. దాని జాగాలో స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో నూట యాభై ఫొటోలు వస్తాయి. అన్నిట్లో పిల్లలు కెమెరా వైపు చూస్తుంటారు. చూడటానికి పోయిన దానివైపు ఎవరి చూపూ ఉండదు.

ఖౌఫ్ కూడా పెరిగింది. 2007 ఆగస్టులో లుంబినీ పార్క్ పేలుడులో మహారాష్ట్ర నుంచి టూర్ వచ్చిన స్టూడెంట్లు చనిపోయారు. 2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి టూర్ పోయిన 24 మంది ఇంజనీరింగ్ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున నిలబడి ఉండగా పైనుంచి డ్యామ్ నీళ్ళు వదిలితే కొట్టుకుపోయారు. ఆ తల్లుల ఏడుపు టీవీలో చూసిన ఏ అమ్మీ అయినా కాగితం మీద దస్తఖత్ పెట్టేముందు ఆగుతుంది. గోడలున్న, గేటున్న, టికెట్ ఉన్న చోటు మహఫూజ్ అనిపిస్తుంది. స్కూళ్ళు ఆ దారి పట్టడంలో డబ్బు ఒక్కటే కారణం అనలేం.

అన్నిటికంటే నాకు నొప్పి కలిగించేది ఫీజు. మా జమానాలో కూడా డబ్బు లేక ఆగిపోయినవాళ్ళున్నారు. అయితే రకమ్ చిన్నది. ఉస్తాద్ తన జేబులోంచి ఇద్దరు ముగ్గురికి కట్టేవాడు, ఎవరికి కట్టాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇప్పుడు ట్రిప్ ఫీజు ఒక్కోచోట ఇంటి కిరాయిలో నాలుగో వంతు. ఫుడ్ అందులోనే కలిపేస్తారు. కట్టనివాళ్ళకి ఆ రోజు స్కూల్లో ‘జనరల్ క్లాస్’. మర్నాడు మిగతా పిల్లలు ఒకే రంగు టోపీలు పెట్టుకుని వస్తారు. ఆ రోజు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకునే పిల్లవాడు మన మొహల్లాలో కనీసం గల్లీకి ఒకడుంటాడు. వాడి జ్వరానికి దవా దస్తర్‌ఖాన్ దగ్గరే ఉండేది. మనమే ఎత్తేశాం.

రాయి మీదున్న తారీఖ్

ఇదంతా ఇప్పుడెందుకు రాయాల్సి వచ్చిందంటే, పుస్తకాలు పల్చబడుతున్నాయి. 2023లో ఎన్సీఈఆర్టీ పన్నెండో తరగతి తారీఖ్ పుస్తకంలోంచి మొఘల్ దర్బార్ల పాఠం తీసేసింది. మన రాష్ట్రాల పుస్తకాలు వేరు కావచ్చు, గాలి మాత్రం ఒకటే. పుస్తకంలో పాఠం ఒక సర్క్యులర్‌తో పోతుంది. గోల్కొండ గోడ సర్క్యులర్‌తో పోదు. చూసిన పిల్లవాడి కళ్ళలోంచి దాన్ని ఎవరూ తుడవలేరు.

పైగా ఆ గోడలు మా జమానాకంటే ఇప్పుడే బాగున్నాయి. మేం పోయినప్పుడు కుతుబ్‌షాహీ గుంబదుల చుట్టూ పిచ్చిమొక్కలు, లోపల గబ్బిలాలు. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు సర్కార్‌తో కలిసి మరమ్మత్తు చేశారు. వానలకి కూలిపోయిన బడీ బావలీని రాయి రాయి పేర్చి నిలబెట్టారు. అక్కడి బావుల పనికి 2022లో యునెస్కో అవార్డ్ వచ్చింది. రామప్ప 2021లో వరల్డ్ హెరిటేజ్ అయింది. చూడాల్సినవి మెరుస్తున్నాయి. టోలీచౌకీలో పుట్టి పెరిగి గోల్కొండ ఎక్కని పిల్లలు, మూసీ దాటి రోజూ కోచింగ్‌కి పోతూ సాలార్‌జంగ్ లోపలికి పోని పిల్లలు నాకు తెలుసు. వాళ్ళు వండర్‌లాకి రెండుసార్లు పోయారు.

మన తారీఖ్‌ని ఇంకొకరు చెప్తుంటే జవాబు రాని పిల్లల్ని పెంచుతున్నాం. ఎదుటివాడు ‘మీవాళ్ళు ఏం చేశారు’ అంటే కోపం తెచ్చుకోవడం వచ్చు, అమీన్ ఖాన్ పేరు చెప్పడం రాదు. యజ్దానీ పేరు చెప్పడం రాదు. కోపానికి చదువు అక్కర్లేదు. జవాబుకి కావాలి.

స్కూళ్ళు మారేదాకా కూర్చోనక్కర్లేదు. నాలుగు ఇళ్ళు కలిస్తే ఒక తాలీమీ సైర్ అవుతుంది. సాలార్‌జంగ్‌కి జుమ్మా రోజు చుట్టీ, జూకి సోమవారం చుట్టీ, కాబట్టి ఇత్‌వార్ పెట్టుకోండి. తోషా ఇంటి నుంచే తీసుకుపోండి, మధ్యలో పెట్టి తినండి. ఒక చోటే చూడండి, పూట మొత్తం చూడండి. చెప్పగలిగిన ఒక బుజుర్గ్‌నో, ఒక ఉస్తాద్‌నో వెంట తీసుకుపోండి. అలాంటివాళ్ళు ప్రతి మొహల్లాలో ఉన్నారు, వాళ్ళని అడిగేవాళ్ళే లేరు. తిరిగొచ్చాక పిల్లల చేత ఒక పేజీ సఫర్‌నామా రాయించండి. ఉర్దూ వస్తే ఉర్దూలో, లేకపోతే తెలుగులో.

స్కూల్ మీటింగ్‌కి పోయినప్పుడు ఒక్క మాట అడగండి. ఏడాదికి ఒక ట్రిప్ ఆటకైతే ఇంకోటి చదువుకి పెట్టమనండి. ట్రిప్ ఫీజు కట్టగలిగినవాళ్ళు ఇంకో పిల్లవాడి ఫీజు కూడా కట్టండి, పేరు చెప్పకుండా. మీ ఇంట్లో అమ్మాయి ఇజాజత్ కాగితం తెస్తే మీ అమ్మీని, మీ ఆపాని ఒకసారి తలుచుకుని దస్తఖత్ పెట్టండి.

ఇంకో చిన్న పని ఉంది, ఖర్చు లేనిది. మీ ఇంట్లో అరవై, డెబ్బై దాటినవాళ్ళని ఈ రాత్రి ఖానా దగ్గర అడగండి. బడిలో ఉండగా ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎలా పోయారు, ఎవరు పోలేకపోయారు? వాళ్ళు చెప్పింది పిల్లల చేత రాయించండి. మన బడి పిల్లల తారీఖ్‌కి ఇంకో కితాబ్ లేదు.